ఇన్‌టేక్‌లో పేరుకునే నల్లటి మడ్డికి కారణం పెట్రోలేనా?

మియాపూర్ మజిలీ · శనివారం, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. 2020 చివర్లో కొన్న మూడు సిలిండర్ల టర్బో పెట్రోలు కారు నాది. ఇప్పటికి 58,000 కిలోమీటర్లు తిరిగింది. మియాపూర్ నుంచి గచ్చిబౌలిలోని ఆఫీసుకు పదకొండు కిలోమీటర్లే అయినా, కొండాపూర్ దాటేసరికే ముప్పావుగంట పట్టే రోజులే ఎక్కువ. రెండు నెలలుగా ఉదయం మొదటిసారి స్టార్టు చేయగానే ఇంజను పది పదిహేను సెకన్లు వణికి, ఒక సిలిండరు మిస్సింగ్ కొడుతున్నట్టు నడిచి, తర్వాత తనంతట తానే సర్దుకుంటోంది. ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు పికప్ కూడా మునుపటిలా లేదు.

సర్వీసు సెంటరులో చూపిస్తే, గాలి వెళ్లే దారిలో, అంటే ఇన్‌టేక్‌లో, కార్బన్ పేరుకుందనీ, పెట్రోలు బాగోలేకపోవడమే కారణమనీ, బంకు మార్చమనీ చెప్పారు. నేను మొదటినుంచీ ఒకే బంకులో, అదీ వీలైనప్పుడల్లా ఖరీదైన రకమే పోయిస్తున్నాను. 40,000 దగ్గర వాళ్లే డీకార్బనైజేషన్ పేరిట ఒక సీసా మందు ట్యాంకులో పోసి బిల్లు వేశారు. ఇప్పుడు మళ్లీ అదే చేయించమంటున్నారు. నాకు అర్థం కానిది ఒక్కటే. పెట్రోలు మండేది సిలిండరు లోపల కదా; అక్కడికి చేరకముందే, ఇంకా గాలి మాత్రమే ఉండే దారిలో మసి ఎలా పడుతుంది?

డిపో ఇంజనీరు · శనివారం, ఉదయం 9:25

మియాపూర్ మజిలీ గారూ, మీరు చివర అడిగిన ప్రశ్నను సర్వీసు సెంటరువారు తమకు తాము ఒక్కసారి వేసుకుని ఉంటే మీకు ఆ సీసా అంటగట్టేవారు కాదు. ఆ దారిలో గాలి ఒక్కటే ఉంటుందని అనుకోవడంలోనే చిక్కంతా ఉంది.

పిస్టన్ రింగులు ఎంత బిగువుగా ఉన్నా, మండిన వాయువుల్లో కొంత భాగం వాటి సందుల్లోంచి కిందికి, అంటే ఆయిలు ఉండే క్రాంక్‌కేసులోకి, జారుతూనే ఉంటుంది. ఆ ఒత్తిడికి బయటి దారి చూపకపోతే ఆయిల్ సీళ్లు తన్నుకుపోతాయి. నేను బస్సు డిపోలో పనిలో చేరిన రోజుల్లో ఇంజనుకు ఒక బ్రీదర్ గొట్టం నేలవైపు వేలాడుతూ ఉండేది. ఆవిరంతా రోడ్డు మీదికే పోయేది, బస్సు నిలిచినచోటల్లా నూనె చుక్కలు కనిపించేవి. కాలుష్య నిబంధనలు బిగుసుకున్నాక ఆ గొట్టం చివరను తిప్పి ఇన్‌టేక్‌కే కలిపారు. కార్లలో దాన్నే పీసీవీ అంటారు. అప్పటిదాకా రోడ్డు పాలైన నూనె ఆవిరిని ఇప్పుడు ఇంజను తానే పీల్చుకుంటోంది.

రెండో దారి ఈజీఆర్. సైలెన్సరు వైపు పోవలసిన పొగలో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి కొత్త గాలిలో కలిపితే మంట వేడి తగ్గి నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువగా పుడతాయి. చిన్న టర్బో పెట్రోలు ఇంజన్లలో కొన్నిటికి ఈజీఆర్ గొట్టం విడిగా ఉండదు గానీ, ఇన్‌టేక్ వాల్వూ ఎగ్జాస్ట్ వాల్వూ రెండూ క్షణంపాటు కలిసి తెరిచి ఉన్నప్పుడు మండిన వాయువు కొంత వెనక్కి తన్ని ఇన్‌టేక్ వాల్వు వీపును, అంటే గాలి వచ్చే వైపు ఉండే ముఖాన్ని, తాకుతుంది. వాల్వు కాడ చుట్టూ ఉండే సీలు నుంచి దిగే నూనెపొర దీనికి అదనం.

వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కలు చూడండి. ఆ ఫ్యాను మీద ఎవరూ నూనె పోయరు, పొయ్యి కూడా దానికి దూరంగానే ఉంటుంది; అయినా పోపుల ఆవిరి జిడ్డుగా అంటుకుని, ఆ జిడ్డుకు పొగ పట్టి, ఏడాది తిరిగేసరికి గరిటెతో గీకినా రాని నల్లపెచ్చు తయారవుతుంది. మీ వాల్వుల మీద జరుగుతున్నదీ అదే, కాకపోతే అక్కడ వేడి మరింత ఎక్కువ కాబట్టి జిడ్డు మాడి గట్టిపడుతుంది.

ఇక మీ కారుకే ఇది ఎక్కువగా ఎందుకు పట్టిందంటే, పాత ఎంపీఎఫ్ఐ కార్లలో ఇంజెక్టరు పెట్రోలును ఇన్‌టేక్ వాల్వు వీపు మీదికే చల్లుతుంది. పెట్రోలు తానే మంచి ద్రావకం, దానిలో శుభ్రపరిచే మందులు కూడా ఉంటాయి. కనుక పడిన జిడ్డు చాలావరకు అప్పటికప్పుడే కడుక్కుపోతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజనులో పెట్రోలు నేరుగా సిలిండరులోకి వెళ్తుంది. మిత్సుబిషి 1996లో ఈ పద్ధతిని పెద్ద ఎత్తున కార్లలోకి తెచ్చింది. పొదుపూ శక్తీ పెరిగాయి గానీ, వాల్వు వీపును కడిగే చెయ్యి ఒకటి పోయింది. మీ కారు డైరెక్ట్ ఇంజెక్షనుదే అయితే, ట్యాంకులో పోసిన ఏ సీసా మందూ ఆ వాల్వు వీపును చూడనైనా చూడదు.

ఉప్పల్ రోడ్డు · శనివారం, ఉదయం 10:02

ఎయిర్ ఫిల్టరు సంగతి ఎవరూ ఎత్తలేదు. మా వైపు ఫ్లైఓవరు పనులతో ఏళ్ల తరబడి దుమ్ములోనే బండ్లు నడుపుతున్నాం. ఫిల్టరు మూసుకుపోతే గాలి తక్కువై, పెట్రోలు ఎక్కువై మసి కడుతుందని మా మేస్త్రీ చెబుతాడు.

డిపో ఇంజనీరు · శనివారం, ఉదయం 10:30

కార్బురేటరు కాలానికి ఆ మాట సరిపోతుంది. ఇప్పటి పెట్రోలు ఇంజను లోపలికి వచ్చే గాలిని సెన్సరుతో లెక్కగట్టి, ఆక్సిజన్ సెన్సరు చెప్పినదాన్ని బట్టి సవరించుకుంటూ ఇంధనం పోస్తుంది. గాలి తగ్గితే ఇంధనమూ తగ్గుతుంది, కాబట్టి నష్టం శక్తిలో కనిపిస్తుంది. డీజిల్ బండిలో మాత్రం మూసుకుపోయిన ఫిల్టరు నల్లపొగను నిజంగానే పెంచుతుంది. దుమ్ము వల్ల అసలు బెడద ఫిల్టరు సరిగా కూర్చోక అంచుల్లోంచి మట్టి దూరినప్పుడు వస్తుంది. అది రింగులను అరగదీస్తుంది, అరిగిన రింగుల నుంచి మరింత వాయువు కిందికి జారుతుంది, ఆ వాయువుతో పాటు మరింత నూనె ఇన్‌టేక్‌కు చేరుతుంది. అలా చుట్టు తిరిగి దుమ్ముకూ ఇందులో పాత్ర ఉంది.

ఎల్బీనగర్ డీజిల్ · శనివారం, మధ్యాహ్నం 1:15

పెట్రోలు వారి బాధ విన్నాక మా డీజిల్ వారి గోడు కూడా చెప్పుకోవాలనిపించింది. నాది 2016 నాటి బీఎస్4 (పాత కాలుష్య ప్రమాణం) డీజిల్ బండి, 1,30,000 కిలోమీటర్లు తిరిగింది. నిరుడు ఇన్‌టేక్ మానిఫోల్డును (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలను) విప్పించినప్పుడు దగ్గరే ఉన్నాను. బొటనవేలు సులువుగా దూరవలసిన రంధ్రంలో చిటికెనవేలు కూడా పట్టలేదు. లోపల ఉన్నది పొడి మసి కాదు, తారులాంటి మడ్డి. స్క్రూడ్రైవరుతో తీస్తుంటే ముద్దలు ముద్దలుగా వచ్చింది.

డీజిల్ ఇంజన్లన్నీ పుట్టుకతోనే ఇంధనాన్ని సిలిండరు వైపే చల్లేవి కాబట్టి కడిగే యోగం మాకు ఎప్పుడూ లేదు. పైగా డీజిల్ పొగలో మసి ఎక్కువ, ఈజీఆర్ ద్వారా వెనక్కి తెచ్చే పొగ పాలూ ఎక్కువ. ఒక గొట్టం నుంచి మసి, మరో గొట్టం నుంచి నూనె ఆవిరి వచ్చి మానిఫోల్డులో కలిసే చోట ఈ తారు పుడుతుంది. పొడి మసి ఒక్కటే అయితే గాలితోపాటు కొట్టుకుపోయేది, నూనె ఒక్కటే అయితే పల్చగా జారిపోయేది. రెండూ కలిస్తేనే ముద్ద. మడ్డి అంతా తీయించాక పికప్ తిరిగి వచ్చింది.

స్పీడు మీటరు · శనివారం, మధ్యాహ్నం 2:05

అంత శ్రమ దేనికండీ? ఈజీఆర్ గొట్టానికి అడ్డంగా ఒక రేకు బిగిస్తే పొగే రాదు, మసే పట్టదు. నా స్నేహితుడు రాణిగంజ్‌లో రేకు కొని అరగంటలో బిగించుకున్నాడు. పొల్యూషన్ పరీక్షలో కూడా పాసయ్యాడు.

నాచారం గ్యారేజీ · శనివారం, సాయంత్రం 6:50

ఆ రేకు బిగించి వచ్చిన బండ్లను మా షెడ్డులో తరచుగా చూస్తాను కనుక రెండు మాటలు చెబుతాను. డీజిల్ బండికి చేసే పొల్యూషన్ పరీక్షలో చూసేది పొగ నలుపును మాత్రమే; నైట్రోజన్ ఆక్సైడ్లను ఆ యంత్రం కొలవదు. కాబట్టి పాసు కావడం వల్ల బండి శుభ్రంగా ఉందని తేలినట్టు కాదు. బీఎస్4లో చిన్న డీజిల్ కార్లకు కిలోమీటరుకు 250 మిల్లీగ్రాములుగా ఉన్న నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితిని 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6లో 80కి దించారు. ఆ తగ్గింపును మోసేవాటిలో ఈజీఆర్ ఒకటి. మనం వదిలే ఆ గాలినే సిగ్నలు దగ్గర పక్కన నిలబడ్డ స్కూటరు మీది పిల్లవాడు పీలుస్తాడు. అది చట్టవిరుద్ధం కూడా. బీఎస్6 బండిలో అయితే వాయువు రావడం లేదని కంప్యూటరు పసిగట్టి పీ0401 వంటి కోడు వేసి ఇంజన్ లైటు వెలిగిస్తుంది.

ఇంకో సంగతి ఏమిటంటే, ఈజీఆర్ మూసినా నూనె ఆవిరి ఆగదు. మసి తగ్గుతుంది గానీ జిడ్డు అలాగే ఉంటుంది.

శుభ్రమైన ఇంజను · శనివారం, రాత్రి 8:20

దీనికంతటికీ హైడ్రోజన్ క్లీనింగ్ చక్కని పరిష్కారం. ఏ భాగమూ విప్పనక్కరలేదు. ముప్పావుగంటలో ఇన్‌టేక్ నుంచి సైలెన్సరు దాకా కార్బన్ అంతా కరిగి ఆవిరై పోతుంది. ఈ ఆదివారం వచ్చేవారికి ప్రత్యేక తగ్గింపు కూడా ఉంది, నా ప్రొఫైలులో ఉన్న నంబరుకు

నిర్వాహకులు · శనివారం, రాత్రి 8:41

పై సందేశంలోని ఫోను నంబరును, ధరల పట్టికను తొలగించాము. పద్ధతి గురించి చర్చించవచ్చు, అంగడి పెట్టరాదు.

తార్నాక కెమిస్టు · శనివారం, రాత్రి 9:30

పద్ధతి గురించే మాట్లాడుకుందాం. ఆ యంత్రం నీటిని విడగొట్టి హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులను ఇన్‌టేక్ గొట్టంలోకి పంపుతుంది. వాటికి నిప్పు తగిలేది సిలిండరులోకి వెళ్లాకే. అక్కడ ఏదైనా మార్పు వస్తుందా లేదా అన్నది వేరే చర్చ. దారిలో ఉన్న మానిఫోల్డు గోడలనూ వాల్వు వీపునూ మాత్రం అవి చల్లని గాలిలా రాసుకుంటూ పోతాయి, అంతే. ఉత్ప్రేరకం సాయం లేకుండా మసి కాలాలంటే 550 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఇన్‌టేక్ వాల్వును ప్రతిసారీ తాజా గాలి చల్లబరుస్తూ ఉంటుంది కాబట్టి దాని వీపు అంత వేడెక్కదు. ఔటర్ రింగు రోడ్డు మీద వంద దాటించి తోలితే కార్బన్ అంతా కాలిపోతుందనే మాట కూడా ఇక్కడే తేలిపోతుంది.

అలాగని దూర ప్రయాణం వృథా అనడం లేదు. డీజిల్ బండిలో సైలెన్సరు వైపు ఉండి మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టరుకు అది నిజంగా మేలు చేస్తుంది. పెట్రోలు బండికి కలిగే లాభం వేరు. చిన్న ప్రయాణాల్లో ఆయిలు పూర్తిగా వేడెక్కదు. మంటలో పుట్టిన నీటి ఆవిరి, మండకుండా గోడలకు అంటిన పెట్రోలు ఆయిలులోకి దిగి అక్కడే ఉండిపోతాయి. డిసెంబరు ఉదయాల్లో ఆయిల్ మూత తెరిస్తే కింద మీగడలాంటి తెల్లని నురగ కనిపించేది అందుకే. వారానికి ఒకసారి అరగంటకు పైగా నిలకడగా నడిపితే ఆ నీరూ పెట్రోలూ ఆవిరైపోయి ఆయిలు బాగుపడుతుంది. కొత్తగా పేరుకోవడం మందగిస్తుందే తప్ప, ఇప్పటికే కట్టిన పెచ్చు ఊడదు.

పెట్రోలు నాణ్యత గురించి ఒక వాక్యం. బీఎస్6తో గంధకం పరిమితి 50 పీపీఎం నుంచి 10కి దిగింది. ఖరీదైన పెట్రోలులో ఎక్కువగా ఉండే ఆక్టేను అదుపు తప్పి పేలకుండా ఆపే గుణానికి కొలత. శుభ్రపరిచే గుణం దానిలో కలిపే మందులను బట్టి ఉంటుంది, ఆ మందు కూడా మీ ఇంజనులో ఇంజెక్టరు మూతి దాకానే పనిచేస్తుంది.

సైనిక్‌పురి · ఆదివారం, ఉదయం 7:55

ఇదంతా చదివి నిద్ర పట్టలేదు. నా మారుతి కారులో సిలిండరుకు రెండేసి ఇంజెక్టర్లు ఉన్నాయని డ్యూయల్‌జెట్ అనే పేరు పెట్టారు. అదీ డైరెక్ట్ ఇంజెక్షనేనా?

నాచారం గ్యారేజీ · ఆదివారం, ఉదయం 8:30

కాదు, నిశ్చింతగా నిద్రపోండి. డ్యూయల్‌జెట్‌లో ఇంజెక్టర్లు రెండైనా రెండూ వాల్వుకు ముందే ఉండి దాని వీపు మీదికే చల్లుతాయి. పేరులో టర్బో ఉన్నంతమాత్రాన కూడా డైరెక్ట్ ఇంజెక్షన్ అనుకోకూడదు. టాటా నెక్సన్‌లో మొదట వచ్చిన 1.2 టర్బో ఇంజను ఎంపీఎఫ్ఐదే. అదే హ్యుందాయ్ 1.0 టర్బో జీడీఐ, ఫోక్స్‌వ్యాగన్ టీఎస్ఐ, మారుతి బూస్టర్‌జెట్ 1.0 నేరుగా సిలిండరులోకి చల్లేవి. టయోటా వారి డీ-4ఎస్ పద్ధతిలో రెండుచోట్లా ఇంజెక్టర్లు ఉంటాయి. వాల్వును కడిగే పని దానివల్ల తిరిగి వచ్చింది. మీ బండిలో లోపలికి వచ్చే గాలిని ఒక రెక్కతో తగ్గించి పెంచే థ్రాటిల్ బాడీ అంచున మాత్రం నల్లని వలయం పడుతుంది, ఎందుకంటే అది ఇంజెక్టరుకు ముందు ఉంటుంది. దాన్ని తుడవడం చిన్న పని. అయితే స్విచ్ ఆన్‌లో ఉండగా ఆ రెక్కను వేలితో నెట్టకండి, తుడిచే స్ప్రేను గాలి సెన్సరు మీద పడనివ్వకండి.

మియాపూర్ మజిలీ గారికి: వణుకు ఉన్నంతమాత్రాన కార్బన్ అని తీర్పు చెప్పడం తొందరపాటు. ప్లగ్గు, దానికి కరెంటు పంపే కాయిలు, ఇంజెక్టరు వీటిలో ఏది చెడినా అదే వణుకు వస్తుంది. ముందు స్కానరు పెట్టి ఏ సిలిండరు మిస్సు అవుతోందో చూడాలి. తర్వాత ఆ సిలిండరు కాయిలును పక్కదానితో మార్చాలి. మిస్సు కూడా కాయిలు వెంట పక్కకు పోతే దోషం కాయిలుది. పోకపోతే ప్లగ్గు, ఆ తర్వాతే సన్నని కెమెరా పంపి వాల్వు వీపు చూడటం. ఫొటో చూపించకుండా క్లీనింగ్ చేయాలనే చోట తాళంచెవి ఇవ్వకండి, అది మా షెడ్డు అయినా సరే.

కార్బన్ అని తేలితే నమ్మకమైన పని అక్రోటు చిప్పల పొడితో కొట్టడం. మానిఫోల్డు విప్పి, ఒక్కొక్క సిలిండరుకూ ఇన్‌టేక్ వాల్వులు పూర్తిగా మూసుకునేలా ఇంజనును చేతితో తిప్పి నిలిపి, కంప్రెసరు గాలితో ఆ పొడిని వాల్వు వీపు మీదికి కొడుతూ, పక్కనుంచే వ్యాక్యూమ్‌తో లాగేస్తాం. ఆ పొడి కార్బన్‌ను ఊడదీసేంత గట్టిది, అల్యూమినియంను గీయలేనంత మెత్తనిది. వాల్వు కొద్దిగా తెరిచి ఉన్నా పొడి లోపలికి పోతుంది కాబట్టి ఓపికలేని చేతికి ఈ పని ఇవ్వకూడదు. ఇంజను నడుస్తుండగా మందు చల్లే పద్ధతి తేలికైన జిడ్డుకు కొంత పనిచేస్తుంది గానీ, మందంగా కట్టిన పెచ్చును ఒక్కసారిగా ఊడగొడితే ఆ ముక్కలు సిలిండరులోంచి టర్బో రెక్కల వైపే కదా పోయేది!

తార్నాక కెమిస్టు · ఆదివారం, ఉదయం 11:10

గ్యారేజీ వారు చెప్పినది శుభ్రపరచడం గురించి. మళ్లీ పేరుకోకుండా చూడటం ఆయిలుతో మొదలవుతుంది. ఆయిలును 250 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచి ఎంత బరువు ఆవిరైందో చూసే నోయాక్ పరీక్ష ఒకటి ఉంది. ఐల్‌సాక్ జీఎఫ్-6 ప్రమాణం 15 శాతం వరకు ఒప్పుకుంటే, యూరప్ వారి ఏసీఈఏ సీ3 ప్రమాణం 13 దగ్గరే ఆపుతుంది. తక్కువ ఆవిరయ్యే ఆయిలు మంచిదే, అయితే మాన్యువల్‌లో చెప్పిన గ్రేడును దాటి ప్రయోగాలు చేయకండి. సంవత్సరం లేదా పదివేలు అని రాసి ఉన్నప్పుడు, మియాపూర్ మజిలీ గారిలా రోజూ ట్రాఫిక్‌లో నిలబడేవారు కిలోమీటర్లు పూర్తయ్యేదాకా ఆగవద్దు, ఎందుకంటే బండి ఆగి ఉన్నా ఏసీ కోసం ఇంజను నడుస్తూనే ఉంటుంది, ఆ గంటలు మీటరు మీద పడవు.

ఎల్బీనగర్ డీజిల్ · ఆదివారం, మధ్యాహ్నం 12:40

పీసీవీ గొట్టం మధ్యలో పెట్టే క్యాచ్ క్యాన్ గురించి ఏమంటారు? మాకు తెలిసినతను బాలానగర్‌లో లేతు పని చేయించి డబ్బా బిగించుకున్నాడు. నెలకు నాలుగైదు చెంచాల నూనె పడుతోందట.

డిపో ఇంజనీరు · ఆదివారం, మధ్యాహ్నం 1:30

లోపల జాలీ, అడ్డుపలకలు సరిగా ఉన్న డబ్బా అయితే కొంత నూనెను తప్పక పడుతుంది. ఖాళీ డబ్బాకు రెండు గొట్టాలు తగిలిస్తే ఆవిరి ఒకదానిలో వచ్చి మరోదానిలో పోతుంది, అంతే. గొట్టం ఇరుకైతే క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి సీళ్లు కారతాయి, డబ్బా ఖాళీ చేయడం మరచిపోయినా తంటాయే. వారంటీలో ఉన్న బండికి నేనైతే బిగించను. అది పట్టేది నూనెనే గానీ, వాల్వులు కలిసి తెరుచుకునేటప్పుడు వెనక్కి తన్నే వాయువును కాదు.

మియాపూర్ మజిలీ · మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:20

అందరికీ ధన్యవాదాలు. బండిని నాచారం తీసుకువెళ్లాను. మూడో సిలిండరులో మిస్సు కనిపించింది. కాయిలు మార్చినా, ప్లగ్గు మార్చినా మూడులోనే నిలిచింది. కెమెరా పంపితే వాల్వు కాడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియనంతగా పెచ్చు కట్టి ఉంది. మొదటి సిలిండరులో పొర ఉంది గానీ అందులో సగం కూడా లేదు.

నాకు ఆశ్చర్యం కలిగించినవి మరో రెండు. డిప్‌స్టిక్ తీస్తే ఆయిలు పై గీతకు వేలెడు పైన ఉంది. కిందటి సర్వీసులో ఎక్కువ పోశారు. మట్టం అంత పైకి వస్తే క్రాంకు తగిలి ఆయిలును చిలికినట్టు చేస్తుందనీ, ఆ తుంపరంతా బ్రీదరులోకే పోతుందనీ వివరించారు. పైగా వాల్వు కవరులోని పీసీవీ పొర చిరిగి ఉంది. అంటే నూనెను ఆపవలసిన తలుపు తెరిచి పెట్టి, బంకువాణ్ణి తిట్టుకుంటూ కూర్చున్నాం.

పొద్దున ఇచ్చిన బండి మర్నాడు సాయంత్రానికి చేతికొచ్చింది. గాస్కెట్లు, కొత్త పీసీవీ కవరుతో కలిపి పద్నాలుగు వేలు అయింది. ఉదయపు వణుకు పూర్తిగా పోయింది, ఫ్లైఓవరు మీద తేడా తెలుస్తోంది. మైలేజీ మాత్రం 11.8 నుంచి 12.3కే పెరిగింది, అది కూడా దసరా సెలవుల్లో రోడ్లు ఖాళీగా ఉండటం వల్ల కావచ్చు. రాలిన నల్లపొడిని మేస్త్రీ ఒక ఊరగాయ సీసాలో పోసి ఇచ్చారు, మా ఆవిడ దాన్ని ఇంట్లోకి రానివ్వలేదు.

ఎల్బీనగర్ డీజిల్ · అదే రోజు, సాయంత్రం 6:05

నా బండిది కూడా ఒకసారి కెమెరాతో చూపించుకోవాలని ఉంది. ఉదయం ఎన్ని గంటలకు రమ్మంటారు?

నాచారం గ్యారేజీ · అదే రోజు, రాత్రి 9:15

ఉదయం రాకండి. ఎల్బీనగర్ నుంచి నడుపుకుంటూ వస్తే ఇంజను వేడెక్కి దోషం దాక్కుంటుంది. ముందురోజు సాయంత్రమే తెచ్చి షెడ్డులో వదిలి, మెట్రో ఎక్కి ఇంటికి వెళ్లండి. తెల్లారి చల్లగా ఉన్నప్పుడు మేమే మొదటి స్టార్టు చేసి, వణుకు ఏదైనా ఉంటే స్కానరులో పట్టుకుని ఫోను చేస్తాం.